కొత్త లాంగ్వేజ్‌లో గోటూ పెట్టాలా, బ్రేక్, కంటిన్యూ సరిపోతాయా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బెంగళూరులో ఇంటర్న్‌షిప్ చేస్తూ, సాయంత్రాలు తెలుగు కీవర్డులతో ఒక చిన్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ రాస్తున్నారు. ఊళ్లో హైస్కూల్ పిల్లలు బ్రౌజర్‌లో రాసి నడుపుకునేలా చేయాలన్నది ఆలోచన. 'ఆగు' (బ్రేక్, లూప్ ఆపి బయటపడడానికి), 'కొనసాగు' (కంటిన్యూ, తర్వాతి చుట్టుకి వెళ్లడానికి) పెట్టేశారు. కోడ్‌లో ఇంకో చోటికి నేరుగా దూకించే గోటూ దగ్గర ఆగిపోయారు. మీ టీమ్ లీడ్ ఆ మాటే ఎత్తొద్దంటున్నారు, మీరేమో లైనక్స్ కెర్నల్ తెరిచి చూస్తే ఎక్కడ చూసినా గోటూలే. ఎవరిది నిజం?

సూటిగా చెప్తాను. గోటూ పెట్టొద్దు. కానీ దాన్ని తీసేసి చేతులు దులుపుకోవద్దు. అనుభవం ఉన్నవాళ్లు గోటూ వాడేది కొన్ని ఖచ్చితమైన పనులకి. లోపలి లూప్‌లోంచి బయటి లూప్‌ని ఆపడం, లూప్ మధ్యలోంచి బయటపడడం, తప్పు జరిగినప్పుడు తెరిచినవన్నీ మూసేసి వెళ్లడం, స్టేట్ మెషీన్లు (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతూ నడిచే కోడ్). మొదటి మూడింటికీ మీ లాంగ్వేజ్‌లో దారి చూపించండి. నాలుగోది మీ పిల్లలకి ఇప్పట్లో అక్కర్లేదు. ఈ దారులేవీ లేకుండా గోటూ ఒక్కటే తీసేస్తే ఏం జరుగుతుందో కింద చెప్తాను, నేను చాలా ఏళ్లు దాంతోనే వేగాను.

నా సంగతి: ఎలక్ట్రానిక్ సిటీలో కార్ల కంట్రోలర్లకి సీ కోడ్ రాసేవాణ్ని. ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు ఒక కంపైలర్ టూల్స్ టీమ్‌లో ఉన్నాను. అందుకే నా ఉదాహరణలన్నీ అటువైపువే.

ముందు మీ లీడ్ మాట. గోటూ చెడ్డదని చెప్పడానికి అందరూ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా పేరు వాడతారు, ఆయన ఏం చెప్పాడో మాత్రం చదవరు. 1968 మార్చిలో ఒక పత్రికకి ఆయన రాసిన చిన్న ఉత్తరం అది. గోటూ హానికరం అంటూ ఆ ఘాటైన శీర్షిక పెట్టింది కూడా ఆయన కాదు, ఆ పత్రిక ఎడిటర్‌గా ఉన్న నిక్లాస్ విర్త్, పాస్కల్ తయారుచేసినాయన. ఉత్తరంలో అసలు వాదన ఇది. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఒక క్షణంలో ఆపి 'ఇప్పుడు ఎక్కడున్నాం?' అని అడిగితే జవాబు చెప్పగలగాలి. వరసగా నడిచే కోడ్ అయితే లైన్ నంబర్ చాలు. ఫంక్షన్లుంటే ఎవరు ఎవర్ని పిలిచారన్న వరస కావాలి. లూప్ ఉంటే ఎన్నో చుట్టులో ఉన్నామో కావాలి. ఇవన్నీ చెప్పగలిగినవే. డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ చూసి, లూప్ కౌంటర్ ప్రింట్ చేసి మనం రోజూ చేసేది అదే. ఎక్కణ్నుంచి ఎక్కడికైనా దూకే గోటూ వచ్చిందంటే ఈ ఆనవాళ్లన్నీ పోతాయి. లైన్ 40లో ఉన్నాం సరే, ఎటునుంచి వచ్చాం? ఏ వేరియబుల్‌లో ఏముందని నమ్మాలి? మొదలైనప్పటి నుంచి ఎన్ని అడుగులు నడిచాం అన్న లెక్క తప్ప ఏమీ మిగలదు, ఆ లెక్క ఎవరికీ పనికిరాదు.

కాబట్టి ఏ కంట్రోల్ స్టేట్‌మెంట్‌నైనా జల్లించడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది వచ్చాక కూడా 'ఎక్కడున్నాం' అంటే చెప్పగలమా? లోపల్నుంచి బయటికి వెళ్లే 'ఆగు' ఈ పరీక్ష నెగ్గుతుంది. బయట్నుంచి లూప్ నడుమకి దూకేది నెగ్గదు.

ఇక పనుల సంగతి.

లోపలి లూప్‌లోంచి బయటి లూప్‌ని ఆపడం. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎక్కువ మంది నలిగేది ఇక్కడే.

1966లో బోమ్, జాకోపిని అనే ఇద్దరు ఒక ఫలితం ఇచ్చారు: వరస, షరతు, లూప్, ఈ మూడూ ఉంటే ఏ ప్రోగ్రామ్‌నైనా గోటూ లేకుండా రాయొచ్చు. గోటూ అనవసరం అనడానికి దీన్నే చూపిస్తారు. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది, అదనపు వేరియబుల్స్ కావాలి. అంటే ఒక సంగతి జరిగిందా లేదా అని గుర్తుపెట్టుకునే ఫ్లాగులు. ఎక్కడున్నామన్న సమాచారం కోడ్ ఆకారంలోంచి పోయి ఒక వేరియబుల్‌లోకి చేరుతుందన్నమాట.

కార్ల కోడ్‌కి మిస్రా అని సీ లాంగ్వేజ్ నియమావళి ఒకటుంది. 2004 కూర్పులో గోటూ నిషేధం, కంటిన్యూ నిషేధం, లూప్‌కి ఒకటి మించి బ్రేక్ ఉండకూడదు, ఫంక్షన్‌కి చివర్న ఒక్కటే రిటర్న్. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. లూప్ షరతులన్నీ 'ఇంకా ఉన్నాయి, దొరకలేదు, ఎర్రర్ లేదు, టైమ్ అవలేదు' అంటూ రైలు పెట్టెల్లా సాగేవి. ఒక సప్లయర్ ఇచ్చిన కోడ్ గుర్తుంది. బయటి లూప్ ఒక్కో మెసేజ్ ఫ్రేమ్ తీస్తుంది, లోపలి లూప్ అందులో సిగ్నల్స్ వెతుకుతుంది. దొరికితే 'దొరికింది' అనే ఫ్లాగ్ పైకెత్తుతుంది, దాంతో లోపలి లూప్ ఆగుతుంది. ఆ ఫ్లాగ్‌ని దించే లైన్ బయటి లూప్‌కి పైన ఉంది, లోపల ఉండాల్సింది. మొదటి ఫ్రేమ్‌లో సిగ్నల్ దొరికిందంటే, రెండో ఫ్రేమ్ నుంచి లోపలి లూప్ అసలు తిరగదు. టెస్ట్ బెంచ్ ఒక్కోసారి ఒక్క ఫ్రేమే పంపేది కాబట్టి టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి. నియమాల టూల్‌కి కూడా ఏ అభ్యంతరమూ లేదు, గోటూ లేదుగా మరి!

2012 కూర్పులో వాళ్లే కాస్త మెత్తబడ్డారు. గోటూ వద్దన్నది సలహా స్థాయికి దిగింది. వాడితే ముందుకే దూకాలి, వెనక్కి దూకకూడదు అన్నది మాత్రం తప్పనిసరి చేశారు. ఇది తెలివైన గీత అని నా అభిప్రాయం.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి. ఇంటర్వ్యూల కోసం గ్రాఫుల్లో స్ట్రాంగ్లీ కనెక్టెడ్ కాంపొనెంట్స్ చదివే ఉంటారు, కొసరాజు ఆల్గరిథమ్. ఆ కొసరాజు సాంబశివరావు గారే, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి జాన్స్ హాప్కిన్స్‌లో ప్రొఫెసర్ అయినాయన, 1973లో ఈ గొడవ మీదా పనిచేశారు. ఎన్ని లూపులైనా దాటి బయటికి రాగల బ్రేక్ ఉంటే ఆ అదనపు వేరియబుల్స్ అక్కర్లేదని చూపించారు. ఇన్ని అంచెలే దాటొచ్చని పరిమితి పెడితే మాత్రం కుదరదు, లోతు ఎంతైనా దాటనివ్వాలి. నా దృష్టిలో లేబుల్ బ్రేక్‌కి, అంటే ఏ లూప్ ఆపాలో పేరు పెట్టి చెప్పే బ్రేక్‌కి, ఇంతకంటే సిఫారసు ఉత్తరం అక్కర్లేదు. మీ లాంగ్వేజ్‌లో ఇలా ఉండొచ్చు:

```
వెతుకు: ప్రతి వరుస లో పట్టిక
    ప్రతి గడి లో వరుస
        గడి == కావలసింది అయితే
            ఆగు వెతుకు
```

జావా 1990ల నుంచి ఇదే చేస్తోంది. గో, రస్ట్, కోట్లిన్, స్విఫ్ట్, జావాస్క్రిప్ట్ అన్నింట్లోనూ లేబుల్ ఉంది. పైథాన్‌లో లేదు. 2007లో ఒక ప్రతిపాదన వస్తే పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ కాదన్నాడు. ఇలాంటి అవసరం అరుదు, ఫంక్షన్‌గా విడదీసి రిటర్న్ చేసుకోవచ్చు అన్నది ఆయన వాదనలో ఒక భాగం. అది కొట్టిపారేసే వాదన కాదు. నేను కూడా రివ్యూలో చాలాసార్లు 'దీన్ని ఫంక్షన్ చెయ్యండి' అనే రాస్తాను. కానీ మీ పిల్లలు లూపులు నేర్చుకునే నాటికి ఫంక్షన్లు వచ్చి ఉండవు. అక్కడ ఆ సలహా చెల్లదు.

అంకె మాత్రం పెట్టొద్దు. పీహెచ్‌పీలో బ్రేక్ 2 అంటే రెండు అంచెలు బయటికి అని. మధ్యలో ఎవరో ఇంకో లూప్ చుట్టారంటే ఆ 2 మౌనంగా తప్పైపోతుంది. పేరైతే గురి తప్పదు.

లూప్ మధ్యలోంచి బయటపడడం. ఒక అంకె చదువు, సున్నా అయితే చాలించు, కాకపోతే మొత్తానికి కలుపు, మళ్లీ మొదటికి. షరతు లూప్ మొదట్లోనూ లేదు, చివర్లోనూ లేదు, నడుమ ఉంది. వైల్ లూప్ ఒక్కటే ఉంటే 'చదువు' అన్న లైన్‌ని రెండు చోట్ల రాయాలి, లూప్‌కి ముందొకటి, లోపల చివర్న ఒకటి. తర్వాత ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోతారు. కంప్యూటర్ శాస్త్రవేత్త నుత్ 1974లో గోటూ మీద రాసిన పెద్ద వ్యాసంలో ఈ ఒకటిన్నర లూప్ గురించి వివరంగా చర్చించాడు. 1983లో సోలోవే, బోనార్, ఎర్లిక్ అనే ముగ్గురు విద్యార్థుల మీదే పరీక్షించారు. మామూలు పాస్కల్ లూపులతో కంటే, మధ్యలోంచి బయటపడే లూప్ ఇచ్చినప్పుడు ఎక్కువ మంది సరైన ప్రోగ్రాములు రాశారు. మీది పిల్లల కోసం కాబట్టి ఇది గట్టిగా పట్టించుకోండి. షరతు లేని ఒక లూప్ పెట్టండి, 'మళ్లీమళ్లీ' అనో మరొకటో, పేరు మీ ఇష్టం. లోపల 'ఆగు' ఎక్కడైనా రాయనివ్వండి.

తెరిచినవి మూసెయ్యడం. మీరు కెర్నల్‌లో చూసిన గోటూలలో చాలా భాగం ఇవే. డ్రైవర్ మొదలయ్యేటప్పుడు మెమొరీ తీసుకుంటుంది, క్లాక్ ఆన్ చేస్తుంది, ఇంటరప్ట్ పెట్టుకుంటుంది. మూడోది విఫలమైతే రెండోది, ఒకటోది వెనక్కి ఇచ్చెయ్యాలి, తిరుగు వరసలో. ఫంక్షన్ అడుగున లేబుళ్లు మెట్లలా ఉంటాయి, ఎక్కడ విఫలమైతే ఆ మెట్టుకి దూకి అక్కణ్నుంచి కిందికి దిగుతారు. అన్నీ ముందుకే, అన్నీ ఒకే ఫంక్షన్‌లో. కెర్నల్ కోడింగ్ స్టైల్ పత్రమే దీన్ని సమర్థిస్తుంది. డైక్‌స్ట్రా పరీక్షకి పెట్టినా దాదాపు పాసే. 2015లో గిట్‌హబ్‌లోని సీ ప్రాజెక్టులని తవ్వి చూసిన పరిశోధకులకి కూడా గోటూలు ఎక్కువగా ఎర్రర్లకి, క్లీనప్‌కే కనబడ్డాయి. మొత్తమ్మీద హాని చేస్తున్నట్టు లేవనే తేల్చారు. ఇది మీ లీడ్‌కి చూపించొచ్చు, కాస్త మర్యాదగా.

అయినా దీనికో నొప్పి ఉంది. ఒక బోర్డ్ మీద సెన్సార్ డ్రైవర్‌లో మధ్యలో కొత్తగా క్లాక్ ఆన్ చేసే లైన్ చేర్చారు, అడుగున దానికి మెట్టు చేర్చలేదు. సెన్సార్ ఉన్న బోర్డుల్లో అంతా బాగుంది. సెన్సార్ బిగించని చవక వేరియంట్‌లో మాత్రం డ్రైవర్ విఫలమై వెళ్లిపోయేది, క్లాక్ ఆన్‌లోనే ఉండిపోయేది, స్లీప్‌లో కరెంట్ తగ్గేది కాదు. హార్డ్‌వేర్ వాళ్లు మనల్ని, మనం హార్డ్‌వేర్ వాళ్లని అనుకుంటూ కొన్ని రోజులు గడిచాయి. తెరిచే లైన్ ఒకచోట, మూసే లైన్ స్క్రీన్ అవతల ఉన్నంతకాలం ఇది తప్పదు. అందుకే 2023లో కెర్నల్ 6.5లో స్కోప్ (వేరియబుల్ బతికుండే బ్లాక్) దాటగానే తనంతట తానే శుభ్రం చేసుకునే ఏర్పాటు వచ్చింది. గో, స్విఫ్ట్, జిగ్‌లలో దీన్ని డిఫర్ అంటారు. తెరిచిన వెంటనే, ఆ పక్క లైన్లోనే 'వెళ్లేటప్పుడు ఇది మూసెయ్' అని రాస్తారు.

పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, అది ఏ గడప దాటినప్పుడు నడవాలి? గో‌లో ఫంక్షన్ ముగిసినప్పుడు. లూప్‌లో వరసగా ఫైళ్లు తెరుస్తూ డిఫర్ రాస్తే ఫంక్షన్ అయ్యేదాకా ఒక్కటీ మూసుకోదు, వేల ఫైళ్లయితే ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యలోనే చేతులెత్తేస్తుంది. స్విఫ్ట్, జిగ్‌లలో బ్లాక్ ముగియగానే నడుస్తుంది. మీరు రెండో దారి పట్టండి. రెండోది, ఆ మూసే బ్లాక్‌లోంచి 'ఆగు' బయటికి దూకనివ్వొద్దు. జావాలో ఫైనల్లీలోంచి రిటర్న్ చేస్తే వస్తున్న ఎక్సెప్షన్ చడీచప్పుడు లేకుండా మాయమైపోతుంది. స్విఫ్ట్ దీన్ని కంపైల్ చేసేటప్పుడే ఆపేస్తుంది.

గోటూ అనగానే ఎవరో ఒకరు యాపిల్ బగ్ గుర్తుచేస్తారు, కాబట్టి అదీ చెప్పేస్తాను. 2014 ఫిబ్రవరిలో బయటపడింది, ఐఓఎస్ 7.0.6తో సరిచేశారు. సర్వర్ సంతకం సరిచూసే కోడ్‌లో 'గోటూ ఫెయిల్' లైన్ పొరపాటున రెండుసార్లు పడింది. ఇఫ్‌కి బ్రాకెట్లు లేవు కాబట్టి మొదటిది షరతు కింద, రెండోది ఎప్పుడూ నడిచేది. అసలు తనిఖీ దాటేసి చివరికి దూకేది, అప్పటికి ఎర్రర్ సున్నాగానే ఉంది కాబట్టి 'అంతా బాగుంది' అని చెప్పేది. అక్కడ గోటూ బదులు రిటర్న్ రెండుసార్లు పడినా ఇదే జరిగేది. దీన్నుంచి మీరు తీసుకోవాల్సింది వేరే: బ్లాక్ హద్దులు తప్పనిసరి చేయండి, ఎప్పటికీ చేరలేని కోడ్ ఉంటే వార్నింగ్ కాదు, ఎర్రర్ ఇవ్వండి.

బ్రేక్ ఉంటే చాలు, ప్రమాదం లేదనుకునేవాళ్లకి 1990 జనవరి 15 చూపించాలి. ఆ రోజు అమెరికాలో ఏటీ అండ్ టీ దూరప్రాంత ఫోన్ నెట్‌వర్క్ దాదాపు 9 గంటలు కుప్పకూలింది. కారణం సీలో ఒక బ్రేక్. ఇఫ్‌లోంచి బయటపడుతుందనుకుని రాసింది, చుట్టూ ఉన్న స్విచ్‌లోంచే (విలువని బట్టి ఒక కేసు ఎంచుకునే స్టేట్‌మెంట్) బయటపడేసింది. సీలో స్విచ్‌కీ లూప్‌కీ ఒకే బ్రేక్ కావడం పాత పాపం. గో కూడా దీన్ని ఉంచుకుంది, లూప్‌లోని స్విచ్‌లో బ్రేక్ రాస్తే స్విచ్ వరకే ఆగుతుంది, లూప్ తిరుగుతూనే ఉంటుంది. మీ 'ఆగు' లూప్‌కి మాత్రమే చెందాలి. మీ స్విచ్‌లో ఒక కేసు నుంచి కింది కేసులోకి జారడమే లేకపోతే అక్కడ బ్రేక్ అవసరమే రాదు.

స్టేట్ మెషీన్ల గురించి ఎక్కువ చెప్పను. లూప్‌లో ఒక స్విచ్ పెట్టి రాస్తే చాలా వరకు సరిపోతుంది. వేగం కావాల్సిన ఇంటర్‌ప్రెటర్లలో సీపైథాన్ (పైథాన్ అసలు ఇంటర్‌ప్రెటర్) లాంటివి గోటూని, అదీ లేబుల్ అడ్రస్‌తో దూకే రకాన్ని, వాడతాయి. అది మీ ఇంటర్‌ప్రెటర్ లోపల మీరు వాడుకునేది, మీ లాంగ్వేజ్ రాసే పిల్లలకి ఇచ్చేది కాదు. ఈ రెంటినీ కలిపెయ్యకండి. జావా సోర్స్‌లో గోటూ లేదు కానీ కంపైల్ చేశాక వచ్చే జావా బైట్‌కోడ్‌లో ఉంది, ఎవరికీ ఇబ్బంది లేదు.

మీ సొంత శ్రమ కోణం నుంచి కూడా చూడండి. మీరు సింటాక్స్ ట్రీ (కోడ్‌ని చెట్టు ఆకారంలో విడదీసిన రూపం) మీద నడిచే ఇంటర్‌ప్రెటర్ రాస్తున్నట్టు ప్రశ్నలో ఉంది. అందులో 'ఆగు' తేలిక: బ్లాక్ నడిపే ఫంక్షన్ 'మామూలుగా ముగిసింది' లేదా 'ఫలానా లేబుల్ కోసం ఆగుతోంది' అని పైకి చెప్తుంది, సంబంధిత లూప్ దాన్ని అందుకుంటుంది. గోటూ అయితే చెట్టులో ఇంకో కొమ్మ నడుమ నుంచి మొదలెట్టాలి, దానికి పై కొమ్మలన్నీ సగం నడిచినట్టు నటించాలి. వారాలు తినేస్తుంది. పైగా బ్రౌజర్‌లో నడవాలంటున్నారు. రేపు వెబ్‌అసెంబ్లీకి (బ్రౌజర్లు నేరుగా నడిపే బైనరీ కోడ్) కంపైల్ చేద్దామనుకుంటే అక్కడ అసలు గోటూ లేదు, బ్లాక్, లూప్, ఇన్నో అంచె బయటికి వెళ్లు అన్న బ్రాంచ్, అంతే. మీ లేబుల్ 'ఆగు' అందులో సరిగ్గా ఇమిడిపోతుంది. ఇష్టమొచ్చిన గోటూలుంటే వాటిని మళ్లీ లూపులుగా మలిచే పాస్ ఒకటి మీరే రాసుకోవాలి. ఎమ్‌స్క్రిప్టెన్ అనే కంపైలర్ వాళ్లు సీ, సీ ప్లస్ ప్లస్ కోసం అలాంటిదే రాసుకోవాల్సి వచ్చింది.

'అయినా కొన్ని లాంగ్వేజ్‌లు తర్వాత గోటూ చేర్చుకున్నాయి కదా' అని అడగొచ్చు. అవును, పీహెచ్‌పీ 2009లో 5.3తో, లువా 2011లో 5.2తో. లువాలో ఇప్పటికీ కంటిన్యూ లేదు, అక్కడ గోటూని ఎక్కువగా దేనికి వాడతారంటే లూప్ చివర్న ఒక లేబుల్ పెట్టి దానికి దూకడానికి. కంటిన్యూ లేని లోటుని గోటూతో పూడ్చుకోవడమే అది. మీకా లోటు లేదు. ఎందుకైనా మంచిది, జావా చేసినట్టు గోటూకి మీరు అనుకున్న పదాన్ని రిజర్వ్ చేసి పెట్టుకోండి. ఎవరైనా రాస్తే 'దీనికి బదులు లేబుల్‌తో ఆగు వాడండి' అని ఎర్రర్ మెసేజ్‌లోనే చెప్పొచ్చు.

చివరిగా, మీ 'కొనసాగు'ని ఇవాళే ఒకసారి పరీక్షించండి. చిన్న ఇంటర్‌ప్రెటర్లలో ఫర్ లూప్‌ని లోపల వైల్ లూప్‌గా మార్చేసి, కౌంటర్ పెంచే లైన్‌ని బాడీ చివర్న అతికిస్తుంటారు. అలా చేస్తే 'కొనసాగు' ఆ పెంచే లైన్‌ని కూడా దాటేస్తుంది, లూప్ అక్కడే గిరగిరా తిరుగుతుంది. 1 నుంచి 5 దాకా లెక్కపెడుతూ 3 దగ్గర 'కొనసాగు' అని రాసి నడపండి. 1, 2, 4, 5 రావాలి. 2 దగ్గర బిగుసుకుపోతే సంగతి అదే. రెండు లూపులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, లోపల్నుంచి బయటి లేబుల్‌కి 'కొనసాగు' రాసి, బయటి కౌంటర్ పెరుగుతోందో లేదో కూడా చూడండి. ఏదైనా తేడా వస్తే మీ ఫర్ లూప్ నడిపే భాగం ఇక్కడ పెట్టండి, చూస్తాను.